ఉదయకుమార్ తిన్న మందు

ఉదయకుమార్ కోసం తానే పాకం పట్టి, ముక్కలు కోసి, డబ్బాకెత్తిన కడలమిఠాయిలో ప్రతి ముక్క అడుగునా ఎవరో బూడిదరంగు పొడి అద్దారని పాండిసెల్వి ఆ పొద్దున బాలచందర్ సైకిల్ షాపులో కనిపెట్టింది.

ఆమె డబ్బా తెరిచింది అందుకు కాదు. ముక్కలు ఒకదానికొకటి అతుక్కోకుండా మధ్యలో వెన్నకాగితం వేయడం మరిచిపోయానేమోనని అనుమానం వచ్చి తెరిచింది. పై వరస ఎత్తగానే వేళ్లకు పొడి అంటింది. వేరుశనగలు, బెల్లం, కాస్త శొంఠి. ఆమె వేసినవి ఆ మూడే. ఇది వాటిలో ఏదీ కాదు. నాలుక చివర పెట్టుకుంటే చేదు.

గభాలున మూత పెట్టేసింది.

"ఏమ్మా, డబ్బాలోంచి పిల్లి దూకిందా?" అన్నాడు బాలచందర్ అరవంలో, చక్రం ఊచలు బిగిస్తూ.

"కాగితం వేయలేదన్నా," అంది పాండిసెల్వి.

బాలచందర్‌కి యాభై దాటాయి. ఉదయకుమార్‌కి చిన్నప్పుడు సైకిల్ తొక్కడం నేర్పిందీ, ఇప్పుడు కోవిల్‌పట్టిలో అతని అభిమాన సంఘం నడుపుతున్నదీ ఆయనే. షాపు ముందు "ఉదయకుమార్ రసిగర్ మన్రం" అని బోర్డు. లోపల గోడకు ఆనించి ఒక పెద్ద ఫ్లెక్సీ బ్యానరు చుట్ట. దాన్ని నాలుగు రోజుల కిందటే బజారు మొగలో కట్టాల్సింది. కట్టలేదు. తాడు దొరకలేదంటున్నాడు. సైకిల్ షాపులో తాడు దొరకలేదంటే ఎవరు నమ్ముతారు?

అసలు సంగతి అందరికీ తెలుసు. రేపు పొద్దున విరుదునగర్‌లో దక్షిణ్ టూర్ మొదలవుతుంది. విదేశీ జట్లు కూడా దిగే సైకిల్ పందెం. సాత్తూరు, కోవిల్‌పట్టి మీదుగా తిరునెల్వేలి దాకా మొదటి రోజు పరుగు. విదేశీ జట్టు చొక్కా తొడుక్కుని, సొంత ఊరి రోడ్డు మీద, సొంత జనం మధ్యలోంచి ఉదయకుమార్ దూసుకుపోతాడని ఏడాది నుంచీ ఎదురుచూస్తున్నారు. ఏళాయిరంపన్నై నుంచి టపాకాయలు కూడా వచ్చేశాయి. సరిగ్గా ఇప్పుడే పేపర్లో ఒక వార్త పడింది. పోయిన నెల గల్ఫ్ పందెంలో ఒక భారతీయుడి పరీక్షలో ఊక్కమరుందు బయటపడిందట. పేరు రాయలేదు. అంత పెద్ద పందేల్లో తొక్కే మనవాళ్లు వేళ్ల మీద లెక్క.

ఊక్కమరుందు అంటే ఒంటికి లేని బలం తెప్పించే మందు. పాండిసెల్వి ఇంట్లో మాట్లాడే తెలుగులో దానికి వేరే పేరు లేదు. పైరుకు కొట్టేదీ మందే, జ్వరానికి మింగేదీ మందే, టపాకాయలో కూరేదీ మందే. ఇదీ మందే.

బెంచీ మీద టీ తాగుతున్న వాళ్ల మధ్య రోజూ జరిగే తగువు అప్పటికే మొదలైంది.

"మనవాడు కాదు. వాడు కాఫీ కూడా ముట్టడు."

"మందు కాఫీలోనే కలుపుకోవాలని రూలుందా?"

"నీకు వాడంటే అసూయ."

"అసూయ కాదయ్యా. వాడు కొండెక్కుతుంటే చూశావుగా, మనం మెట్లెక్కినట్టు కూడా ఆయాసపడడు. నాకు అప్పుడే అనిపించింది."

"అప్పుడు చప్పట్లు కొట్టావుగా?"

"చప్పట్లూ కొట్టాను. అనుమానమూ పడ్డాను. రెండు చేతులున్నాయిగా."

బెంచీ చివరనున్న సతీష్‌కుమార్ మాత్రం నవ్వలేదు. ఉదయకుమార్‌తో పాటు తొక్కినవాడతను. ఇద్దరికీ ఒకే రోజు సెలక్షన్ జరిగింది. ఇతనికి చోటు రాలేదు. ఇప్పుడు బస్టాండు దగ్గర జిమ్ము నడుపుతూ, కండలు పెరిగే పొడి డబ్బాలు అమ్ముతున్నాడు. పాండిసెల్వి కళ్లు అతని మీద ఆగాయి.

"సతీషన్నా, నువ్వమ్మే పొడి ఏ రంగు?"

"ఏం, కండలు పెంచుతావా? పెళ్లికొడుకు పారిపోతాడు."

"అడిగిందానికి చెప్పు."

"గోధుమరంగు. చాక్లెట్ వాసన. డబ్బా మీద సింహం, లోపల పాలపొడి. అది తింటే గెలుస్తారా? నేను రోజూ తింటున్నాను, చూడు." అని తన పొట్ట తట్టుకున్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "ఎందుకడుగుతున్నావో నాకు తెలుసు. వాడి మీద నాకు కోపముంది, దాచను. కానీ రేపు వాడు ఈ రోడ్డు మీద పోతుంటే చూడకపోతే నేను బతకలేను. వాడు తొక్కితేనే నేనూ తొక్కినట్టు."

అబద్ధమాడేవాడి గొంతు కాదది. పాండిసెల్వి బాలచందర్ వైపు తిరిగింది. "డబ్బా ఎవరైనా ముట్టుకున్నారా అన్నా?"

"ముట్టుకోవడానికి టైమేది? ఇప్పుడే గదా మీ నాయన దింపిపోయాడు. మిరపకాయల వ్యాన్‌లో విరుదునగర్ పోతూ ఇచ్చాడు. మన్రం తరఫున ఇస్తే మర్యాదగా ఉంటుందన్నాడు."

అక్కడ పాండిసెల్వికి ఒక సంగతి తట్టింది. నాయన పోతున్నదే విరుదునగర్. ఉదయకుమార్ ఉన్నదీ విరుదునగర్‌లోనే. సొంత మేనల్లుడు. అలాంటప్పుడు డబ్బా తన చేత్తో ఇవ్వకుండా ఇక్కడ దింపడమేమిటి?

ఆమె డబ్బా చంకన పెట్టుకుని బస్టాండుకు నడిచింది.

విరుదునగర్ బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. నాలుగు వరసల రోడ్డు పక్కన కుర్రవాళ్లు సున్నం బకెట్లతో వంగి, తారు మీద పేర్లు రాస్తున్నారు. ఉదయకుమార్ పేరులో మొదటి అక్షరం ఒక చోట, మిగతాది ఇంకోచోట కనబడి వెనక్కి పోయింది. అవతల నల్లరేగడి చేలల్లో ఎండబెట్టిన మిరపకాయలు ఎర్రగా పరుచుకుని ఉన్నాయి.

ఉదయకుమార్ ఆమె మేనత్త కొడుకు. వాళ్లది విళాత్తికుళం పక్క ఊరు. హైస్కూలు చదువుకు కోవిల్‌పట్టిలో వీళ్లింట్లోనే ఉన్నాడు. ఆ రోజుల్లో ఇదే రోడ్డు మీద బస్సు వెనకాలే తొక్కేవాడు. వెనక సీట్లో కూచున్న పాండిసెల్వి అద్దంలోంచి చేయి ఊపేది. అతను చేయి ఊపేవాడు కాదు. హ్యాండిల్ వదిలితే వేగం తగ్గుతుందనేవాడు.

తర్వాత దేశాలు పోయాడు. మొదట్లో రోజూ ఫోను. "ఇక్కడ మన మాట తెలిసిన మనిషి లేడు సెల్వీ. ఏదో ఒకటి మాట్లాడు. మిరపకాయల సంగతైనా చెప్పు," అనేవాడు. ఆమె చెప్పేది. తేమ ఎంత, ఎరుపు ఎంత, పాకం ఎప్పుడు ముదిరింది. అతను వింటూ నిద్రపోయేవాడు. రానురాను ఫోన్లు పలచబడ్డాయి. టీవీలో కనిపించే ఉదయకుమార్‌ని ఊరంతా చూసేది. ఆమెకూ ఊరికీ తేడా లేకుండా పోయింది. మన్రంలో ఆమె కూడా ఒక మెంబరు, అంతే.

డిసెంబరులో వచ్చినప్పుడు మాత్రం మళ్లీ పాత మనిషి. ఆకలి ఆకలి అంటూ వంటింట్లోకి వచ్చి పీట వేసుకున్నాడు. ముఖం నిగనిగలాడుతోంది. ఒకటే మాటలు, ఒకటే నవ్వులు. ఈ పందెం అయ్యాక ఇక్కడే ఉండిపోతానేమో అని కూడా అన్నాడు. ఆ "ఏమో"ని పట్టుకుని ఆమె ఇన్నాళ్లూ బతికింది.

ఇప్పుడు ఒళ్లో డబ్బా. నాయన ఈ మధ్య ఫోను పట్టుకుని పెరట్లోకి పోయి మాట్లాడుతున్నాడు. తను దగ్గరికి వస్తే పెట్టేస్తున్నాడు. ఎవరితో? బావతోనా? బావే చెప్పి తెప్పించుకుంటున్నాడా? మిఠాయిలో పెట్టి పంపిస్తే ఎవరూ వెతకరని మామా అల్లుళ్లు కలిసి అనుకున్నారా? తన చేతి మిఠాయే దొరికిందా వాళ్లకి?

సాత్తూరులో బస్సాగితే దోసకాయలమ్మే ఆమె కిటికీలోకి బుట్ట ఎత్తింది. పాండిసెల్వి వద్దని తలూపింది. బావ మోసగాడైతే తను ఏం చేయాలో ఆమెకు తెలియలేదు. డబ్బా కిటికీలోంచి విసిరేయడం తేలిక. అప్పుడు అతను రేపు తొక్కుతాడు, ఊరు చప్పట్లు కొడుతుంది, ఆమె కూడా కొట్టాలి.

విరుదునగర్ మండీలో మిరప ఘాటుకు మనుషులంతా తుమ్ముతున్నారు. అయ్యాసామి బస్తాల పక్కన తలగుడ్డ ముక్కుకు కట్టుకుని నిలబడి ఉన్నాడు. కూతురిని చూసి, ఆమె చంకలోని డబ్బా చూసి, గుడ్డ కిందికి లాగాడు.

"నువ్వు యాలమ్మా వచ్చినావు? డబ్బా బాలచందర్ తెస్తాడని చెప్పినానే."

ఆమె చుట్టూ చూసి, తనూ అరవం వదిలి ఇంటి తెలుగులోకి దిగింది. "నాయనా, దీంట్లో మందు ఉండాది."

అయ్యాసామి పక్కనున్న బస్తా మీద కూలబడ్డాడు.

"ఎవరు చెప్పినారు?"

"ఎవరో చెప్పాల్నా? నేనే చూసినా. బావకి తెలుసునా ఈ సంగతి?"

"తెలీదు. వాడికి తెలిస్తే పనిచేయదు."

ఆ మాట ఆమెకు అర్థం కాలేదు. "తెలీకండా ఎట్లా తింటాడు? పేపర్లో వచ్చేసినాది నాయనా. ఊరంతా మాట్లాడతా ఉండారు, ఉదయకుమార్ మందు తిన్నాడని."

"పేపర్లోనా?" అయ్యాసామి లేచి నిలబడబోయి మళ్లీ కూచున్నాడు. "మన ఇంటి సంగతి పేపరోళ్లకి యాలమ్మా? ఆ ముసిల్ది నోరు జారినాదా?"

"ఏ ముసిల్ది?"

"సుబ్బమ్మాళ్."

"సుబ్బమ్మాళ్ ఎవరు? ఊక్కమరుందు అమ్మేదా నాయనా?"

అయ్యాసామి కూతురి ముఖంలోకి తెల్లబోయి చూశాడు. "ఊక్కమరుందా? చీ, అదెందుకు అవుతాది? ఈ మందు ఒంటికేం చేయదు అమ్మీ. మనసుకే."

చుట్టూ హమాలీలు బస్తాలు దించుతున్నారు. ఎవడో అరవంలో బరువు అరిచి చెప్తున్నాడు. పాండిసెల్వికి అదేదీ వినబడలేదు. పైరు మందు, జ్వరం మందు, టపాకాయ మందు కాక వాళ్లింటి మాటలో ఇంకో మందు ఉందని అప్పుడు గుర్తొచ్చింది. ఆడవాళ్లు గొంతు తగ్గించి చెప్పుకునేది. పెట్టే మందు. ఎవరి మనసైనా తమ వైపు తిప్పుకోవాలంటే, తెలియకుండా వాళ్ల తిండిలో కలిపేది.

"డిసెంబరులో కూడానా?" అంది మెల్లగా.

అయ్యాసామి తలూపాడు. "పనిచేసినాది గదమ్మా. వాడు వచ్చి వంటింట్లో కూచున్నాడు గదా."

ఆమె తండ్రి చేయి పట్టుకుని లేపింది.

ఉదయకుమార్ జట్టు స్టేషన్ రోడ్డులోని హోటల్లో దిగింది. ఆవరణలో మెకానిక్కులు సైకిళ్లు వరసగా నిలబెట్టి గొట్టంతో నీళ్లు కొడుతున్నారు. గేటు బయట అభిమానులు గుంపుగా ఉన్నారు. ఎవరికీ అరవాలని లేదు, వెళ్లిపోవాలనీ లేదు. ఒకడు మాత్రం ఫోను పైకెత్తి ఖాళీ వరండాని వీడియో తీస్తున్నాడు.

పాండిసెల్వి ఫోను చేస్తే ఉదయకుమార్ స్వయంగా కిందికి వచ్చాడు. మనిషి సగమయ్యాడు. చూడగానే ఆమె కళ్లు తిప్పుకుంది. ఇన్ని నెలల తర్వాత చూస్తున్నందుకో, ఇలా చూస్తున్నందుకో ఆమెకే తెలియలేదు.

"నువ్వు వస్తావనుకోలే," అన్నాడతను. "ఆ పేపర్లో వచ్చింది నా గురించే సెల్వీ. నేను ఏమీ తినలే. ఎవరూ నమ్మడం లేదు. నువ్వు?"

బస్సులో వచ్చేటప్పుడు నమ్మలేదు. ఆ మాట ఆమె చెప్పలేదు. "మీ జట్టు డాక్టరు దగ్గరికి తీసుకపో బావా," అంది.

జట్టు డాక్టరు పేరు శివరంజని. మదురై మనిషి, మాట అరవం. ముప్పై అయిదేళ్లుంటాయి. బల్ల మీద మందుల పెట్టె, ఎదురుగా రెండు ఖాళీ కుర్చీలు. పాండిసెల్వి డబ్బా తెరిచి బల్ల మీద పెట్టి, పై వరస ఎత్తి చూపించింది. డాక్టరు ఒక ముక్కను పటకారుతో తిప్పి చూసింది, వాసన చూసింది.

"నాటు పొడి. ఎవరిచ్చారు?"

పాండిసెల్వి తలుపు వైపు చూసింది. అయ్యాసామి చెప్పులు బయట విడిచి, గడపకు అవతలే నిలబడి ఉన్నాడు.

"ఇలాంటివి నేను చాలా చూశాను," అంది డాక్టరు. "వీటిలో చాలామంది ఇంగ్లీషు మాత్రలు నూరి కలిపేస్తారు. స్టెరాయిడ్లు. తిన్నవాళ్లకు ఆకలి పుడుతుంది, ముఖం నిండుతుంది, హుషారొస్తుంది. నిద్ర పట్టదు, మాటలు ఎక్కువవుతాయి. జనం మందు భలే పనిచేసిందనుకుంటారు. గల్ఫ్‌లో ఇతని పరీక్షలో తేలింది కూడా ఆ జాతిదే."

ఉదయకుమార్ ఆ ముక్క వైపే చూస్తూ అన్నాడు. "డిసెంబరులో తీసుకపోయిన డబ్బా నేనొక్కణ్నే తిన్నా. ఎవరికీ పెట్టలే. గల్ఫ్ పందెం పొద్దున కూడా జేబులో అదే." తర్వాత ఇంకా చిన్నగా, "నీ చేతిది గదా," అన్నాడు.

పాండిసెల్వి కిటికీ బయటికి చూసింది. వంటింట్లో పీట వేసుకుని కూచున్న బావ, ఆ నవ్వు, ఆగని ఆ మాటలు, ఇక్కడే ఉండిపోతానేమో అన్న ఆ "ఏమో". అవన్నీ ఎవరివి? బావవా, పొడివా? అడగాల్సిన మనిషి పక్కనే ఉన్నాడు. అడిగితే అతనికి మాత్రం ఏం తెలుస్తుంది?

"చూడండి," అంది డాక్టరు. "ఇతన్ని రేపు పందెంలోకి దింపాలా, ఇంటికి పంపాలా అని జట్టు సాయంత్రం తేలుస్తుంది. డబ్బా ఒక్కటే చాలదు. ఎవరైనా ఏదైనా చల్లి తెచ్చి చూపించొచ్చు. ఇది పెట్టిన మనిషి వచ్చి, ఎందుకు పెట్టాడో, ఎప్పటి నుంచి పెడుతున్నాడో తన నోటితో చెప్పాలి. నేను రికార్డు చేస్తాను. అప్పుడు కూడా రేపు తొక్కనిస్తారని మాటివ్వలేను. మోసగాడు కాదని మాత్రం నిలబడి వాదించగలను."

అయ్యాసామి గడప దాటి లోపలికి వచ్చాడు.

డాక్టరు ఫోను బల్ల మీద పెట్టి, మాట్లాడమని సైగ చేసింది. అయ్యాసామి అరవంలో మొదలుపెట్టాడు. పేరు చెప్పాడు, ఊరు చెప్పాడు. ఆ తర్వాత ఆగిపోయాడు. మండీలో బేరానికీ, బస్సులో చోటుకీ అరవం ఉంది ఆయనకు. ఈ సంగతి మాత్రం ఏనాడూ ఆ మాటలో అనుకున్నది కాదు.

"మన మాటలోనే చెప్పు నాయనా," అంది పాండిసెల్వి. "నేను అరవంలో చెప్తా."

"దీన్ని నువ్వు చెప్పొద్దమ్మా."

"నేను చెప్తా మామా," అన్నాడు ఉదయకుమార్, డాక్టరు పక్కకు జరిగి. "నువ్వు చెప్పు."

అయ్యాసామి తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు. ఫోను వైపు చూడలేదు, కూతురి వైపూ చూడలేదు. మేనల్లుడి వైపే చూస్తూ చెప్పాడు. ఒక్కొక్క మాటా ఉదయకుమార్ అరవంలో చెప్పేదాకా ఆగి, మళ్లీ చెప్పాడు.

"వీడికి మందు పెట్టింది నేను. వీడికి తెలీదు. నా బిడ్డకీ తెలీదు. అది మిఠాయిలో వేరుశనగలు, బెల్లం, శొంఠి మాత్రమే వేసినాది. కడంబూరు అవతల సుబ్బమ్మాళ్ అని ఉండాది, మనసు తిప్పేదానికి పొడి ఇస్తాది. డిసెంబరులో వీడు వచ్చేముందు ఒక తూరి పోయినా. ఇంట్లో వీడి సంగట్లో కలిపినా, డబ్బాలో అద్ది పంపినా. మొన్న ఇంకోతూరి తెచ్చినా. పెరట్లో నిలబడి ఫోను చేసింది ఆమెకే. దాంట్లో ఇంగ్లీషు మాత్రలు ఉండేది నాకు తెలీదు. తెలిసుంటే పెట్టేవాణ్నా అంటే, దేవుడి మీద ఆన, పెట్టను. వీడు తొక్కేది టీవీలో చూసి నేను ఏడ్చిన మనిషినే గదా.

యాల పెట్టినావంటే చెప్తా. వీడి ఫోను రాని రోజున నా బిడ్డ అన్నం కలుపుకుని అట్లే కూచుంటాది. పొయ్యి మీద పాకం మాడతా ఉన్నా ఫోను దిక్కే చూస్తాది. టీవీలో వీడు కనిపిస్తే అందరూ చప్పట్లు కొడతారు, ఇది కొట్టదు. కొంగు నోట్లో పెట్టుకుని చూస్తాది. నేను దాన్ని ఏమీ అడగలే. తండ్రి అడిగే మాటా అది? వీణ్నీ అడగలే. అడిగితే లేదు మామా అంటాడేమోనని బయం. దేశాలు చూసినోడు, వీడికి మా సెల్వి యాల? ఒక్క మాట అడిగేదానికి నోరు రాలే నాకు. లేదనేదానికి వీడికి వీలు లేకండా చేద్దామనుకున్నా. ఈ పొద్దు డబ్బా నా చేత్తో ఇయ్యలేక బాలచందర్ దగ్గర పెట్టి వచ్చినా. వీడి ముఖం చూస్తే నోరు జారతానని.

వీడి కాళ్లలో ఉండే బలం వీడిదే డాక్టరమ్మా. మందు నాది. అడగలేక పెట్టినా."